కొండల్లేని దారి మీద మోజు

ఇలాంటి తీరం ఒకటుందని ఇన్నేళ్లుగా నాకెవరూ చెప్పలేదేం? జర్మనీలో బైకు నడిపేవాళ్ల నోట ఎప్పుడూ ఆల్ప్స్ మాటే. స్టెల్వియో మలుపులు, గ్రోస్‌గ్లాక్నర్ ఘాట్ రోడ్డు, డోలమైట్లు. హాంబర్గ్‌లో ఉంటూ వేసవి వచ్చిందంటే నేనూ బండి మొహం దక్షిణానికే తిప్పేవాణ్ణి. ఈసారి ఏదో వెతుకుతుంటే మా పక్కనే ఉన్న కీల్ రేవు నుంచి లిథువేనియాలోని క్లైపెడాకు ఓడ ఉందని కనబడింది. సుమారు 20 గంటల ప్రయాణం. బండితో సహా ఎక్కేయొచ్చు! అప్పట్నుంచీ బాల్టిక్ తీరం పటం మూస్తే ఒట్టు.

క్లైపెడాలో దిగాక మళ్లీ ఒక చిన్న ఫెర్రీ, కాసేపట్లో అవతలి ఒడ్డు. అక్కడ మొదలవుతుంది కురోనియన్ స్పిట్. 98 కిలోమీటర్ల పొడవున ఇసుకతో ఏర్పడిన సన్నటి నేల. ఒక పక్క బాల్టిక్ సముద్రం, ఇంకో పక్క కయ్య. శ్రీహరికోట దగ్గర బంగాళాఖాతానికీ పులికాట్‌కీ నడుమ నేల ఎలా సాగుతుందో తలుచుకోండి. దాన్నే ఇంకా పల్చగా లాగి, పైన్ చెట్లు పెంచి, మధ్యలోంచి తారు రోడ్డు వేస్తే ఎలా ఉంటుందో అదీ ఇది. కొన్నిచోట్ల వెడల్పు 400 మీటర్లకు దిగిపోతుంది. అంత సన్నటి చోటు దక్షిణాన రష్యా భాగంలో ఉంది లెండి. మనకు దక్కేది ఉత్తరాన లిథువేనియా వైపున్న సగం, ఓ యాభై కిలోమీటర్ల పైచిలుకు. చాలదా?

ఆ అడవి కథ చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు అక్కడి చెట్లు నరికేశారు. పట్టు తప్పిన ఇసుక గాలికి కదలడం మొదలెట్టి ఊళ్లకు ఊళ్లను మింగేసింది. జనం ఇళ్లు వదిలి పక్కకు జరగడం, ఇసుక వెనకాలే రావడం! దాన్ని ఆపడానికి 19వ శతాబ్దంలో పట్టుబట్టి మొక్కలు నాటారు. ఇవాళ మనం బండి మీద నీడలో పోయే ఆ అడవిలో చాలా భాగం అలా మనుషుల చేతుల మీదుగా మొలిచిందే. 2000లో ఈ స్పిట్ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చివర్లో నిడా అనే ఊరు, దాని పక్కన ఆకాశంలోకి లేచిన ఇసుక దిబ్బ. 1929లో నోబెల్ అందుకున్న జర్మన్ రచయిత థామస్ మన్, మరుసటి ఏడే ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకుని మూడు వేసవులు గడిపాడు. మనిషి అభిరుచి గలవాడు! నిడా దాటితే రష్యా సరిహద్దు కాబట్టి వచ్చిన దారినే వెనక్కి రావాలి. నాకైతే అది లోటే కాదు, ఆ రోడ్డు రెండోసారి దక్కుతుంది.

ఆ పైన లాత్వియా తీరం. మైళ్ల కొద్దీ ఇసుక, పైన్ చెట్లు, హోటళ్ల గోలే లేదు. ఎందుకింత ఖాళీ అని ఆరా తీస్తే తెలిసింది: సోవియట్ కాలంలో ఇది సరిహద్దు నిషిద్ధ ప్రాంతం. ఎవరైనా పడవెక్కి స్వీడన్‌కు పారిపోతారేమోనని, అడుగుజాడలు దొరకడానికి తీరంలో ఇసుకను దున్ని చదును చేసేవారట. మాజిర్బే దగ్గర అడవిలో పాత చేపల పడవలు కుళ్లిపోతూ పడి ఉన్నాయి. జాలరుల బతుకును తొక్కేసిన ఆ కాపలాయే ఇప్పుడు తీరాన్ని మనకోసం మిగిల్చింది. ఏమనాలో తెలీదు. కోల్కా మొన దగ్గర నిలబడితే బాల్టిక్ సముద్రమూ రీగా సింధుశాఖా ఎదురెదురుగా అలలు కొట్టుకుంటాయట. దారిలో కుల్దీగా కూడా ఉంది. అక్కడి జలపాతం మనిషెత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కానీ, వెడల్పు 249 మీటర్లు! యూరప్‌లో అంత వెడల్పైనది మరొకటి లేదంటారు.

ఎస్టోనియా దీవుల దగ్గరికొచ్చేసరికి ప్లానింగే పండగైపోయింది. విర్త్సు నుంచి ఫెర్రీలో అరగంటలో ముహు దీవి, అక్కడి నుంచి సముద్రానికి అడ్డంగా వేసిన కట్ట మీదుగా సారెమా. అక్కడ ఆకాశం నుంచి పడ్డ ఉల్క తవ్విన 110 మీటర్ల వెడల్పు గొయ్యి చూసుకుని ఇంకో ఫెర్రీలో హీయుమా. 1531లో పూర్తయి నేటికీ వెలుగుతున్న క్యోపు దీపస్తంభం చూసి, మరో ఫెర్రీలో మళ్లీ ప్రధాన భూభాగం. వెళ్లిన దారి మళ్లీ తొక్కక్కర్లేదు! బాగా గడ్డకట్టిన చలికాలాల్లో హీయుమాకు సముద్రం మీదే అధికారికంగా రోడ్డు తెరుస్తారు. దాని మీద కారులో సీటు బెల్టు పెట్టుకోకూడదు. మంచు పగిలితే గబుక్కున దూకాలి కదా!

ఆల్ప్స్ మిత్రులు నవ్వుతున్నారు. నిజమే, మూడు బాల్టిక్ దేశాల్లో వెతికినా అన్నిటికంటే ఎత్తైన చోటు 318 మీటర్లు. మలుపుల మీద వాలే సరదా ఉండదు. కానీ లాత్వియాలో కంకర రోడ్లు ఎన్ని ఉన్నాయో! నా హిమాలయన్ బండి సరిగ్గా వీటికోసమే పుట్టినట్టుంది. హైవేల మీద మోటారు సైకిళ్లకు టోలు లేదు, మూడు దేశాల్లోనూ యూరోయే, సరిహద్దుల్లో మామూలుగా ఆపేవారుండరు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంజెన్ వీసా, ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. చీకటి పడితే మూస్ దుప్పులు రోడ్డెక్కుతాయి, జాగ్రత్త. ఓడలో బండిని బెల్టులతో బిగించి కడతారు కాబట్టి సీటు మీద వేయడానికి పాత తువ్వాలు పట్టుకెళ్లండి.

తిరుగు ప్రయాణం రీగా నుంచి బౌస్కా, పనేవెజీస్ మీదుగా. లారీల రద్దీ ఉన్న మామూలు హైవే. అయితే 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా, దాదాపు 20 లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని సోవియట్ పాలనకు ఎదురు నిలిచిన వరుస ఈ దారినే సాగింది. అక్కడ బండి ఎనభై దాటించను.

జూనా, ఆగస్టా అన్నదే మిగిలిన తగువు. ఆగస్టులో సముద్రం వెచ్చగా ఉంటుంది. కానీ జూన్ చివర్లో టాలిన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది, 23 రాత్రి నడివేసవి పండక్కి పల్లెపల్లెనా నెగళ్లు. నా ఓటు జూన్‌కే. అప్పుడు దీవుల ఫెర్రీలు కిటకిటలాడతాయి కాబట్టి చోటు ముందే పట్టేస్తున్నాను. గుడారంలో ఇద్దరికి జాగా ఉంది. బండి మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.