గుర్దాలో ఖలమ్

ఉర్దూ మీడియంలో మా సైన్సు కితాబు స్ఫటికాన్ని 'ఖలమ్' అనేది. రాసే కలం మాటే. స్ఫటికాలు కట్టడం 'ఖల్మావ్'. ఇంకేమీ కరిగే చోటులేని ద్రావణం 'సేర్ షుదా మహలూల్', అంటే కడుపు నిండిన ద్రావణం. తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాక, సైన్సు పేజీలో అదే 'సంతృప్త ద్రావణం'గా ఎదురైంది. రెండు జబాన్లూ కూడబలుక్కున్నట్టుంది!

కడుపు నిండాక కూడా మోయాల్సి వస్తేనే తంటా. మిస్రీ తయారీ చూడండి. చిక్కటి పాకం చల్లారే కొద్దీ, మోయలేని చక్కెరను వేలాడే దారం మీద వదిలేస్తుంది. ఆసరా దొరికితే చాలు, పొర మీద పొర. రాళ్ల పగుళ్లలో పారే నీళ్లలోంచి ఖనిజాలు పుట్టేదీ ఇట్లనే.

మా ఆపా గుర్దాలో పథ్రీ పుట్టిందీ ఇట్లనే. ఒంట్లో నీళ్లు తగ్గితే పేషాబ్ చిక్కనై, మోయలేని ఉప్పులను వదిలేస్తుంది. ఆపరేషన్ తర్వాత ల్యాబ్ రిపోర్టులో 'కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్' అని వచ్చింది. అదీ ఖనిజమే. భూగర్భ శాస్త్రంలో దాని పేరు హ్యూవెలైట్, బొగ్గు పొరల్లోనూ దొరుకుతుంది. దాని తోబుట్టువు వెడ్డెలైట్, అంటార్కిటికా దగ్గరి వెడ్డెల్ సముద్రం అడుగు మట్టిలో దొరికింది కాబట్టి ఆ పేరు. అదీ మనుషుల గుర్దాల్లో కడుతుంది.

కాల్షియం అన్న మాట చూడగానే ఇంట్లో ఆపాకు పాలు బంద్ చేశారు. గలత్. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది. పాలు మానేస్తే గుర్దాకు చేరే ఆక్సలేట్ పెరుగుతుంది. తగ్గించాల్సింది ఉప్పు, పాలకూర. నిమ్మరసంలోని సిట్రేట్ స్ఫటికాన్ని పెరగనివ్వదు. అన్నిటికన్నా పెద్ద దవా నీళ్లు, రోజుకు 2.5 లీటర్ల పేషాబ్ వచ్చేంత.

రోజాల వల్లే వచ్చిందని చుట్టాలు తేల్చేశారు. మిగతా పదకొండు నెలలూ ఆపా పగలు నీళ్లు ముట్టదని వాళ్లకేం తెలుసు? బట్టల దుకాణంలో పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడి అమ్ముతుంది. అక్కడ ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. పక్క కాంప్లెక్సుకు పోవాలంటే ఇజాజత్ అడగాలి, అడిగితే మొహం మాడ్చుకుంటారు. అందుకే సీసా నింపుకుపోయి, నిండుగానే తిరిగి తెచ్చేది.

డాక్టర్ చీటీలో 'నీళ్లు బాగా తాగాలి' అని రాశాడు. "బాత్రూమ్ కూడా రాసివ్వాల్సింది" అంది ఆపా. సేఠ్‌తో నేను మాట్లాడతానంటే వద్దంటోంది, నౌకరీ పోతుందని.