ఢిల్లీ బజారులో అసలు సరుకు

రాజధానికి వచ్చిన యాత్రికునికి జన్‌పథ్ అంగళ్ళు కంటబడినంత తేలికగా అసలైన చేతిపని కంటబడదు. దానికై కన్నాట్ ప్లేస్ చేరువనున్న బాబా ఖరక్ సింగ్ మార్గ్‌కు నడవాలి. రాష్ట్రాల ఎంపోరియంలు అక్కడ వరుసగా ఉన్నాయి. మన లేపాక్షి కూడా అక్కడే. ధర స్థిరం, బేరానికి తావు లేదు.

చేసినవారి చేతినుండే కొనదలచినవారికి 1994లో వెలసిన ఢిల్లీ హాట్ తగిన చోటు. ప్రవేశానికి టిక్కెట్టు కొనాలి. చేతిపనివారు కొద్ది రోజులకొకసారి మారుతుంటారు గనుక, నచ్చిన వస్తువును రేపటికి వాయిదా వేయకండి. అక్కడైనా కన్ను తెరిచే కొనాలి. పోచంపల్లి చీరను తిరగేసి చూడండి. నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు గనుక రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది. వెనుకవైపు వెలవెలబోతే అది అచ్చు వేసిన నకలు. దానికిచ్చిన సొమ్ము నేతగాని కూలిలో కోతే.

ఇవన్నీ పరప్రాంతాల సొత్తు. ఢిల్లీకి తనదైన వన్నె పాతబస్తీలో ఉంది: దరీబా కలాన్‌లో వెండి, అత్తరు, పక్కనే కినారీ బజారులో జరీ అంచులు. అత్తరును మణికట్టుపై రాయించుకొని, ఆ వీధులన్నీ తిరిగివచ్చి మళ్ళీ వాసన చూడండి. నిలిచినదే కొనండి. ఆదివారం మాత్రం వెళ్ళకండి, దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి.