లోపలికి తెరచుకునే తలుపు

క్రిందటి వర్షాకాలంలో ఒక ఉదయం మా ఇంట స్నానాలగదిలో పెద్ద చప్పుడైంది. అమ్మ జారిపడింది. మాలో ఒకరికి ఆమె తల్లి, మరొకరికి అత్తగారు. పిలుపు మాత్రం ఇద్దరికీ "అమ్మా" అనే. పరుగెత్తి తలుపు నెట్టాము. రెండంగుళాలు కదిలి ఆగిపోయింది. గడియ పడలేదు గాని, అది లోపలికి తెరచుకునే తలుపు. అమ్మ సరిగ్గా దాని వెనుకనే పడి ఉంది. గట్టిగా నెడితే ఆమెకే దెబ్బ. "కొంచెం పక్కకు జరుగమ్మా" అని బతిమాలుతూ ఇరవై నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాము. చివరకు ఆమే మోచేతిమీద జరిగి మాకు దారి ఇచ్చింది. మణికట్టు విరిగింది. అంతటితో పోయిందని ఊపిరి పీల్చుకున్నాము.

గుంటూరులో 1978లో కట్టిన చిన్న ఇల్లు మాది. ఎటూ మరమ్మతులు తలపెట్టాము గనుక ముందు ఈ తలుపు సంగతి చూద్దామనుకున్నాము.

"బందులు మార్చి బయటికి తెరచుకునేట్టు పెడదాం" అన్నాడు మేస్త్రి. మాట మంచిదే. కాని బయట నడవా వెడల్పు మూడడుగులే. రెండున్నర అడుగుల రెక్క తిరగాలంటే సుమారు ఐదు చదరపు అడుగుల నేల కావాలి. సుద్దముక్కతో గీసి చూశాము. తలుపు తెరిస్తే నడవా మూసుకుపోతుంది.

ప్లాస్టిక్ మడత తలుపు చవక. అయితే మడిచిన పలకలన్నీ గుమ్మంలోనే ఒక ప్రక్క పోగుపడతాయి. మిగిలిన సందులో అమ్మ వాకర్ పెట్టి చూస్తే ఆమె వ్రేళ్లు రాసుకున్నాయి. గోడలోకి దూరిపోయే తలుపు చూడ ముచ్చటే గాని, దానికి గోడ మధ్య ఖాళీ ఉండాలి. మాది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. అందులోనే నీళ్ల గొట్టాలు.

మిగిలింది గోడ వెంబడి ప్రక్కకు జరిగే తలుపు. పైన పట్టాలకు వ్రేలాడుతుంది. నేలమీద పట్టా అక్కరలేదు గనుక వాకరుకు అడ్డు లేదు. కాని తలుపంత వెడల్పున గోడ ఖాళీగా ఉండాలి. ఆ గోడమీద స్విచ్‌బోర్డు, దాని ప్రక్కన నాన్నగారి ఫోటో ఉన్నాయి. స్విచ్‌బోర్డు జరపడం సులువు. ఫోటో మాట ఎత్తడానికి మాకు నోరు రాలేదు. అమ్మే గ్రహించి, "ఆయన్ని నా మంచం ఎదురుగా పెట్టండి, ఇంకా బాగా కనబడతారు" అంది.

ఆమె అభ్యంతరం వేరే. "గడియ లేకుండా నేను స్నానం చేయను" అని పట్టుబట్టింది. పడినప్పటినుండి తలుపు ఓరగా ఉంచి స్నానం చేయమని మేమే ఆమెను బలవంతపెడుతున్నాము. ఆమె క్షేమమే చూశాము గాని ఆమె సిగ్గును లెక్కచేయలేదు. చివరకు లోపల వేసుకున్నా, అవసరమైతే బయటనుండి నాణెంతో త్రిప్పి తీయగల గడియ దొరికింది. సందుల్లోనుండి కనబడకుండా, చప్పుడు తగ్గేట్టు మేస్త్రి రెక్కను గుమ్మంకంటే ఇరుప్రక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ చేశాడు. చెక్క నీటికి ఉబ్బుతుందని పి.వి.సి. రెక్క వేయించాము.

మొదటిరోజు అమ్మ లోపలికి వెళ్లి తలుపు జరిపి గడియ వేసుకుంది. ఆ చిన్న చప్పుడు విని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. నాణెం మాత్రం గుమ్మం ప్రక్కన మేకుకు చిన్న సంచిలో వ్రేలాడుతోంది. ఇంతవరకు దాని అవసరం రాలేదు.

మీ ఇంట పెద్దవారున్నారా? ఈ పూటే లేచి మీ స్నానాలగది తలుపు ఎటు తెరచుకుంటుందో చూడండి. ఏళ్ల తరబడి దాన్ని తెరుస్తూ మూస్తూ మేము ఆ ఒక్క సంగతి ఆలోచించలేదు.