పదే పదే మూత్రంలో మంటా? ఒకసారి షుగరు చూపించుకోండి

వైద్యవృత్తిలో నేను చేసిన ఒక పొరపాటును ఈరోజు మీ ముందుంచుతున్నాను. మీలో ఒక్కరికైనా అది మేలు చేస్తే చాలు.

నేను వికారాబాదులో ఉంటూ, వారానికి ఒకరోజు రైలులో తాండూరు వెళ్లి రోగులను చూసేవాడిని. ఒకనాడు, నాపరాళ్లను నునుపుచేసే యూనిట్‌లో పనిచేసే నడివయసు స్త్రీ వచ్చి, "సారూ, ఒంటికి పోతే మంట" అన్నది. మాత్రలు రాశాను, తగ్గింది. కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలే రాశాను. మూడవసారీ అంతే. పనిచోట మరుగుదొడ్డి లేదు కనుక పగలంతా నీళ్లు తాగనని చెప్పింది. కారణం దొరికిందనుకున్నాను. నిజమే, కాని అది సగమే.

నాలుగవసారి వెంట వచ్చిన కోడలు, "రాత్రి నాలుగైదుసార్లు లేస్తది సారూ. దగ్గితే చీర తడుస్తది. చెప్పనీకి సిగ్గుపడుతది" అన్నది. అప్పుడు గాని రక్తపరీక్ష చేయించలేదు. పరగడుపున చక్కెర 240 దాటి ఉంది. ఏడాదిపాటు మంటకు మందిచ్చానే తప్ప దాని మూలాన్ని వెదకలేదు.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటి? రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దానిని పూర్తిగా నిలుపుకోలేవు. మూత్రంలోకి వెళ్లే చక్కెర తనతో నీటినీ లాక్కుపోతుంది. అందువల్లనే అతిమూత్రం, దాహం. మధుమేహం రోగనిరోధక శక్తిని సన్నగిల్లజేస్తుంది. ఏళ్లతరబడి అదుపు తప్పితే మూత్రాశయ నరాలు మొద్దుబారి, మూత్రం పూర్తిగా బయటకు పోదు. నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. స్త్రీలలో మూత్రనాళం పొట్టిది కనుక అవి సులువుగా పైకి పాకుతాయి. ఇక పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు మూత్రాశయాన్ని ఒత్తుతుంది. దగ్గినా తుమ్మినా మూత్రం జారడానికి అదొక కారణం.

ఇది సరిదిద్దుకోగల విషయమే. 2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అధిక బరువుండి మూత్రం జారే 338 మంది స్త్రీలను పరిశీలించారు. ఆరు నెలల ఆహారనియమం, వ్యాయామంతో సగటున 8 శాతం బరువు తగ్గిన వర్గంలో మూత్రం జారడం 47 శాతం తగ్గింది. ఆరోగ్యపాఠాలు మాత్రమే విన్న వర్గంలో తగ్గుదల 28 శాతం.

కనుక అమ్మలారా, ఆరు నెలలలో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మూత్రపరీక్షతోపాటు షుగరు పరీక్షా చేయించుకోండి. పరగడుపున 100 నుండి 125 ఉంటే హెచ్చరిక. 126 లేదా అంతకుమించి ఉంటే మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. భయపడి నీళ్లు మానకండి. పాత చీటీ చూపి మందుల దుకాణంలో మాత్రలు కొనకండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనబడితే అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

చక్కెర అదుపులోకి వచ్చాక ఆ తల్లికి మంట తిరగబెట్టలేదు. ఆమె ప్రాణానికి ముప్పు తప్పించింది నా చదువు కాదు, కోడలు నోరు విప్పి చెప్పిన మాట. మీ ఇంట్లో అమ్మ, అత్తగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మీరూ ఒకసారి అడగండి.