ఎడమవైపు నుండి వచ్చే దుష్టుడు

లండన్ నగరంలో కోవెంట్ గార్డెన్ ప్రాంతానికి వెళ్ళిన యాత్రికునికి డ్రూరీ లేన్ నాటకశాల కనిపించక మానదు. 1663 నుండి ఆ స్థలంలో నాటకశాల ఉంటూనే ఉన్నది. నేడు మనం చూసే భవనం 1812 నాటిది. డిసెంబరు చలిలో దాని స్తంభాల పంచన నిలబడినప్పుడు మాకు గుర్తుకు వచ్చినవి ఇక్కడి పాంటోమైములు. ఈ మాటకు మన నిఘంటువులు మూకాభినయమని అర్థం చెబుతాయి. ఇంగ్లండులో మాత్రం అది క్రిస్మస్ రోజులలో కుటుంబాలు పిల్లాపాపలతో కలిసి చూసే నాటకం. అందులో పాటలూ హాస్యమూ జానపద కథా కలగలసి ఉంటాయి. దానికి ప్రాణం నాయకుడు కాదు, దుష్టుడేనని మా అభిప్రాయం.

ఆదిలో ఆ దుష్టునికి ఇంత ప్రాబల్యం లేదు. 18వ శతాబ్ది తొలి దశకాలలో జాన్ రిచ్ ప్రదర్శించిన మూకనాటకాలలో హార్లెక్విన్, కొలంబైన్ ప్రేమికులు. వారి వెంటపడే ముసలి పాంటలూన్ విరోధే గాని, ఎవరినీ భయపెట్టేవాడు కాడు. 1806లో కోవెంట్ గార్డెన్‌లో ‘మదర్ గూస్’తో పేరు మారుమోగిన జోసెఫ్ గ్రిమాల్డి వేసిన విదూషకుడైతే పచ్చి దొంగ! కొట్టేసిన తినుబండారాలను లోతైన జేబులలో కుక్కుకునేవాడు. అయినా ప్రేక్షకులు అతని పక్షమే.

1843 నాటి నాటకశాలల చట్టంతో అన్ని రంగస్థలాలకూ సంభాషణల స్వేచ్ఛ లభించింది. దానితో దుష్టునికి గొంతు వచ్చింది. అంత్యప్రాసలతో బెదిరించడం, పిల్లలతో వాదులాడడం అతని సొత్తయినాయి. పచ్చని వెలుగులో, నేలలోని కంత గుండా అతడు ఒక్కసారిగా పైకి ఎగిరివచ్చేవాడు. కింద బరువులు కట్టి నటుణ్ణి పైకి విసిరే ఆ యంత్రం వల్ల గాయపడినవారు కొందరు కారు. నటుని ఎడమవైపు, అనగా మనకు కుడివైపు, దుష్టుని ప్రవేశస్థానం. మంచి దేవత ఎదుటివైపు నుండి వస్తుంది. మధ్యయుగపు మతనాటకాలలో నరకద్వారం ఎడమన ఉండేదని, ఈ ఆచారం అక్కడి నుండే వచ్చిందని అంటారు. మన పౌరాణిక నాటకాలలో దుర్యోధనుని పద్యానికి ‘వన్స్ మోర్’ కొడతాము. అక్కడ దుష్టుడు ఎంత బాగా నటిస్తే అంతగా ‘బూ’ అని అరుస్తారు. ఆ అరుపే అతనికి చప్పట్లు.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం తొలిసారి వెళ్ళినప్పుడు మేము ‘అల్లాదీన్’ చూశాము. 1788 నుండి పాంటోమైముగా ఆడుతున్న కథ ఇది. మాంత్రికుడు అబనజర్ ముఖానికి గోధుమరంగు పూసుకొని, తలపాగా చుట్టి, వంకర ఉచ్చారణతో వచ్చాడు. చుట్టూ పిల్లలు సంబరంగా అరుస్తుంటే మా నోరు పెగలలేదు. పక్క వరుసలో మన దేశపు కుటుంబమే ఒకటి కూర్చున్నది. వారి పిల్లవాడు అందరికంటే గట్టిగా అరిచాడు. తండ్రి మాత్రం తల వంచుకొని టికెట్టు ముక్కను మడుస్తూ ఉండిపోయాడు. చెడు అంటే పరాయివాడే అని ఆ వేషం ఆ పసివానికి ఏమి నేర్పుతున్నదోనని మేము చాలాకాలం మథనపడ్డాము.

ఇటీవలి సంవత్సరాలలో పలు నాటకశాలలు ఆ కథాస్థలాన్నీ వేషాలనూ మార్చుకున్నాయి. ఈసారి తూర్పు లండన్‌లో మేము చూసినది ‘డిక్ విట్టింగ్టన్’. నిజమైన విట్టింగ్టన్ లండన్ మేయరు. 1423లో మరణించాడు. అతని చరిత్రలో ఎలుకలరాజు లేడు. రంగస్థలం మీద మాత్రం తోక ఝాడిస్తూ, అద్దెలు పెంచుతానని అతడు బెదిరించగానే హాలంతా దద్దరిల్లింది. నానా దేశాల ముఖాలున్న ఆ జనంలో మేమూ గొంతు కలిపాము.

పాంటోమైములు నవంబరు చివర మొదలై జనవరిలో ముగుస్తాయి. ఇతర మాసాలలో వెళ్ళేవారు పెంటన్‌విల్ రోడ్డులో గ్రిమాల్డి పేరిట ఉన్న ఉద్యానవనం చూడవచ్చు. అతని సమాధి అక్కడే ఉన్నది. దానికి దగ్గరలోనే నేలలో కంచు పలకలను, వాటిపై గెంతితే స్వరాలు పలికేలా, 2010లో అమర్చారు.