కుక్కతో గండికోటకు

పిల్లలూ! సెలవులలో అమ్మానాన్నలతో గండికోట వెళ్ళి, గుడారంలో ఒక రాత్రి గడుపుదామనుకుంటున్నారా? మీ కుక్కనూ తీసుకుపోవచ్చు. చలికాలమైతే మేలు. గుడారం ఎక్కడ వేయనిస్తారో ముందే కనుక్కోండి. కోటలోని కట్టడాలు చూసేటప్పుడు ఒకరు కుక్కతో బయట ఉండాలి.

గండికోట కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర ఉన్నది. అక్కడ పెన్నానది ఎర్రమల కొండను కోసుకుంటూ పారి లోతైన గండి చేసింది. అంచున చాలాచోట్ల గోడ లేదు. పిట్టను తరిమే కుక్కకు అంచు కనిపించదు. కనుక దాని మెడపట్టీకి కట్టిన తాడు ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. గుడారం కూడా అంచుకు దూరంగా వేయాలి.

బండనేలలో మేకులు దిగవు. అందుచేత కమ్మీలమీద తనంతట తాను నిలిచే గుడారం కొనండి. తాళ్ళు బరువైన రాళ్ళకు కట్టండి. నలుగురూ, ఒక కుక్కా అయితే ఆరుగురికి సరిపడే గుడారం కావాలి. కుక్కగోళ్ళకు అడుగుగుడ్డ చిరగకుండా గోనెపట్టా పరవండి.

మనకు చెమట పోసి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్క నాలుక చాచి రొప్పి చల్లబడాలి. పగలు మూసిన గుడారంలో ఉంచితే దాని ప్రాణానికే ముప్పు. నడిపించేముందు ఎండిన బండమీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. అది నోరు తెరిచి చెప్పలేదు, మీరే కనిపెట్టాలి.