నెలగంట పెట్టాక అప్పన్న కొండ

సింహాచలం అనగానే చాలామందికి వైశాఖ మాసం, చందనోత్సవం, మండే ఎండలో తెమలని వరుసలు గుర్తొస్తాయి. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే అప్పన్నస్వామి వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్క రోజే నిజరూపం చూపిస్తాడు కాబట్టి ఆ రోజుకి అంత పేరు. కొండ కింద పుట్టి పెరిగిన మాకు మాత్రం కొండంటే చలికాలమే. డిసెంబరు నడుమ ధనుర్మాసం మొదలై గుళ్లో నెలగంట పెట్టారన్న కబురు ఊళ్లోకి దిగిన దగ్గర్నుంచి, పుష్య బహుళ అమావాస్యకి వరాహ పుష్కరిణిలో తెప్ప తిరిగేదాకా, కొండ మాదీ మేము కొండవాళ్లమూ అన్నట్టు ఉండేది.

నేను చెప్పేది 1960ల చివరి మాట. అడివివరానికి కూతవేటు దూరంలో మా ఇల్లు. విశాఖపట్నం అప్పటికింకా కొండకి అవతలి వైపే ఉండేది. ఇవతల మాకు వరిచేలు, తాటితోపులు, మామిడి తోటలు, గుడి గంట. మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడి "అప్పన్నా" అని పిలిచినా ఎవరో ఒకరు పలికేవారు. మా ఇంట్లోనే పెదనాన్న అప్పలరాజు, మామ్మ సింహాచలం, అత్త అప్పలనర్సమ్మ.

కోడి కూయకముందే మామ్మ లేచి, వాకిట్లో మూడు రాళ్ల మీద కాగు పెట్టి, తాటిమట్టలు ఎగదోసి మంట వేసేది. ఆ మట్టల పొగ, తడిసిన పేడకల్లాపి వాసన, పక్కింటి గాటిలో ఆవుల ఊపిరి వేడి, అన్నీ కలిసి దుప్పట్లోకి దూరేవి. "లెగండర్రా, బేగి లెగండి, మెట్లెక్కాల" అని ఆవిడ గొంతు. మా అప్ప, అంటే అక్క, అప్పటికే ముగ్గు సగం పెట్టేసి ఉండేది. గొబ్బెమ్మలకి గుమ్మడిపూలు కోసుకురావడం నా వంతు. పాదుల మీద మంచు కారి చేతులు మణికట్ల దాకా తడిసిపోయేవి, వేళ్లు కొంకర్లు పోయేవి, అయినా పూలు తేకుండా ఇంటికి రావడమన్నది లేదు. స్వెట్టర్లు మేమెరగం. అమ్మ పాతచీర నాలుగు మడతలు వేసి భుజాల మీంచి తిప్పి మెడ వెనక ముడేసేది. మరీ చలిగా ఉన్నరోజున దాని మీద గోనెసంచి కొప్పెర. అంతే, బయల్దేరేవాళ్లం.

మెట్ల దారి మొదలయ్యే తొలిపావంచా దగ్గర మామ్మ కర్పూరం వెలిగించి, మెట్టుకి పసుపూ బొట్టూ పెట్టి, వంగి దణ్ణం పెట్టుకున్నాకే మేము అడుగు వెయ్యాలి. సుమారు 1,000 మెట్లు. చెప్పుల్లేని అరికాలికి మొదటి పది మెట్లూ మంచుగడ్డలే, తరవాత కాలికి రాయి అలవాటైపోతుంది. రెండు పక్కలా జీడిమామిడి, పనస, నేరేడు, మధ్యమధ్య సంపెంగ చెట్లు. సింహాచలం సంపెంగలకి చలికాలం రుతువు కాదు గానీ, ఏ కొమ్మకో ఒక పువ్వు మిగిలి ఉంటే చీకట్లో అది ఎక్కడుందో ముక్కే చెప్పేది. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ జీడిపూత వాసన మొదలయ్యేది, కొంచెం తియ్యగా, కొంచెం వగరుగా, ఇప్పటికీ ఎక్కడ తగిలినా నా కాళ్లు మెట్టు కోసం చూసుకుంటాయి. కొండవాలున అనాస మొక్కలు కాయ పట్టకుండా ముళ్ల ఆకులతో, ఆకు మొదట్లో మంచునీళ్లు నింపుకుని ఉండేవి. చిన్నపిల్లలం ఆ నీళ్లు తాగేవాళ్లం.

సగం దూరంలో మామ్మ ఆగేది. అలుపని ఒప్పుకునేది కాదు, కథ చెప్పాలి కాబట్టి ఆగానన్నట్టు కూర్చునేది. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పారేసి మీద ఈ కొండని పడేశారట, స్వామి వైకుంఠం నుంచి దూకి కొండని పక్కకి తప్పించి పిల్లాణ్ణి ఎత్తుకున్నాడట, ఆ దూకిన ఊపుకి పాదాలు పాతాళంలోకి దిగబడిపోయాయట, అందుకే ఆయన పాదాలు ఎవరికీ కనపడవట. "పిల్లడి కోసం అంత తొందర పడ్డాడు మరి" అని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. రోజూ అదే కథ, రోజూ అక్కడే ఆవిడ కళ్లు తడి. అప్పటికి కింద అడివివరం మీద పొగమంచు కుండలో మజ్జిగలా కదులుతూ ఉండేది, ముందు తాటిచెట్ల తలలు, తరవాత ఊళ్లో పొగలు, ఆఖర్న పుష్కరిణి నీళ్లు బయటపడేవి.

పైకెళ్లాక గంగధార దగ్గర స్నానం. ఇక్కడొక సంగతి చెప్పాలి. చలికాలంలో ధార నీళ్లు ఒంటికి నులివెచ్చగా తగులుతాయి. రాతి లోపలి నుంచి ఊరి వచ్చే నీరు ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది, బయటి గాలే చల్లబడుతుంది. ఇది నాకు తరవాతెప్పుడో చదువులో తెలిసింది. మామ్మకి మాత్రం ముందే తెలుసు, పిల్లలు చలికి వణక్కూడదని అప్పన్న రాత్రంతా నీళ్లు కాచి ఉంచుతాడని. ధార కింద తల పెట్టినంతసేపూ హాయి, బయటికొచ్చిన క్షణం పళ్లు టకటకలాడేవి. ఆ తడిబట్టలతోనే గుళ్లోకి.

గుడి గోడల మీద శాసనాలు చూపించి, అక్షరాలు కూడబలుక్కోమని మా బళ్లో మాస్టారొకరు పిల్లల్ని నిలబెట్టేవారు. పదమూడో శతాబ్దంలో గాంగ నరసింహదేవుడి కాలంలో గుడిని తిరిగి కట్టించారనీ, 1516లో కృష్ణదేవరాయలు కళింగ యుద్ధానికొచ్చి ఇక్కడ స్వామికి నగలు సమర్పించి శాసనం వేయించాడనీ ఆయన చెబుతుంటే, రాయలంతటివాడు మా మెట్లే ఎక్కాడా అని ఛాతీ పొంగేది. గుళ్లోని కప్పస్తంభాన్ని కౌగిలించుకునేవాళ్లం, నా చేతులు ఎప్పటికీ కలిసేవి కావు, అప్పవి ఒక సంక్రాంతికి ఇంచుమించు కలిశాయి. తరవాత అడ్డాకులో వేడి చక్కెరపొంగలి. ఆకు కాలి, నెయ్యీ ఆకువాసనా కలిసిన ఆ పొంగలిని రెండు చేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ తినడమే మాకు ధనుర్మాసం.

చిన్నాన్న రైల్వే షెడ్డులో కలాసీ. కొండెక్కి, అడ్డదారిన అవతల మాధవధారలో దిగి పనికెళ్లేవాడు, రాత్రికి మళ్లీ అదే దారిన వచ్చేవాడు. సెలవురోజున నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి దక్షిణం వైపు చూపించేవాడు. రైలుపట్టాలు, వాటి అవతల హార్బరులో ఓడలు, యారాడ కొండ, దాని వెనక ఎండలో మెరిసే సముద్రం. నేను సముద్రాన్ని మొదట చూసింది కొండ మీంచే. కిందికి వచ్చేటప్పుడు ఎవరూ వట్టి చేతులతో దిగేవారు కాదు. మామ్మ ఎండుపుల్లల మోపు, అమ్మ అడ్డాకుల కట్ట, నా జేబుల నిండా ఉసిరికాయలు, రేగిపళ్లు. దారిలో ఎవరో తంపటేసి గేగులు కాలుస్తుంటే ఒకటి అందుకుని, చీరి, నడిమి చందమామ నాకే కావాలని అప్పతో తగువు. ఇంటికెళ్లగానే చోడంబలి తాగి బడికి పరుగు.

కనుమనాడు స్వామే కొండ దిగి పూలతోటకి వచ్చేవాడు, మకరవేట చూపించడానికి. ఏనుగునీ మొసలినీ చూడటానికి నాన్న భుజమెక్కి కూర్చోవడం గుర్తు. ఆయన తలకి రాసిన నువ్వులనూనె వాసన గుర్తు. ఆ తరవాత తెప్పోత్సవం. దాంతో చలికి సెలవు చెప్పి, మామ్మ దుప్పట్లు ఉతికి గోడ మీద ఆరేసేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. తరవాత వెళ్లి చూస్తే కొండ ఎర్రమన్నుగా, చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయి ఉంది. మామ్మ అప్పటికి లేదు, ఆవిడ చూడనందుకు సంతోషించాను. ఇప్పుడు వాలంతా మళ్లీ పచ్చబడింది. నగరం కొండని నాలుగు వైపులా చుట్టుకుంది. బస్సులు ఘాటురోడ్డు మీద పొద్దుటి నుంచీ తిరుగుతున్నాయి, మోకాళ్లు పట్టేసిన నాలాంటి వాళ్లకి అవే దిక్కు. అయినా పోయిన మార్గశిరంలో మనవరాల్ని వెంటబెట్టుకుని మెట్ల దారినే ఎక్కాను, మామ్మ ఆగిన చోటే ఆగి, ఆవిడ కథే చెప్పాను.

మీకూ అటువైపు పని పడితే, చందనోత్సవం దాకా ఆగకండి. ధనుర్మాసంలో, తెల్లారకముందు, తొలిపావంచా నుంచి చెప్పులు లేకుండా ఎక్కండి. పిల్లల్ని తీసుకెళ్లండి.